చంబల్ వంతెన మీద మా ఆయన బండి

గూడ్సు డ్రైవరు భార్యకి మొగుడి బండి కనపడదు. ప్యాసింజరు డ్రైవరు భార్యయితే ఏ స్టేషనుకో వెళ్లి, ఇంజను దాకా నడిచి, చూసి రావచ్చు. గూడ్సు అలా కాదు. డ్యూటీకి పిలిచే కాల్‌మేన్ వచ్చి తలుపు కొడతాడు. ఈయన పుస్తకంలో సంతకం చేసి ఇనప్పెట్టె పట్టుకుని వెళ్తాడు. మళ్లీ ఎప్పుడో దుమ్ము కొట్టుకుపోయిన చొక్కాతో వస్తాడు. మధ్యలో ఏం జరిగిందన్నది, అన్నం తింటూ ఆయన చెప్పిందే మనకి తెలిసింది.

మా ఆయన చెప్పే కబుర్లలో సగం చంబల్ వంతెనవే. ధోల్‌పూర్ దాటాక లోయల మీద ఇంగ్లీషువాళ్ల కాలంలో కట్టిన పాత వంతెన. "మట్టి కొండలు కోసి కోసి గాట్లు పెట్టినట్టుంటాయే ఆ లోయలు. అడుగున నది. ఆకాశంలో నడుపుతున్నట్టే ఉంటుంది," అనేవారు. వెంటనే ఒక చిన్న నిట్టూర్పు. "ఆ వంతెన మీద గూడ్సు బండి ఎలా ఉంటుందో మేకలు కాసేవాడికి తెలుసు, పడవవాడికి తెలుసు. నాకే తెలీదు. నేను ఇంజనులో ఉంటాగా."

ఆయన రిటైరయ్యే నెల వచ్చింది. ఝాన్సీ వెళ్లి రావడం ఆఖరి ట్రిప్పని తేలింది. అప్పుడు మా తుగ్లకాబాద్ రైల్వే కాలనీలో వెనక వరసలో ఉండే రత్నమేరీ ఒక మాట అంది. రత్నమేరీది నరసాపురం, ఆస్పత్రిలో నర్సు. వాళ్లాయన మస్కట్ నుంచి పంపిన కెమెరా ఆమె దగ్గర ఉంది. చర్చిలో పెళ్లిళ్లన్నిటికీ ఫోటోలు ఆమే తీస్తుంది.

"అక్కా, అన్నయ్యగారికి శాలువా కప్పేవాళ్లు చాలామంది ఉంటారు. మనం వెళ్లి వంతెన మీద ఆయన బండి ఫోటో తీసి ఇద్దాం. తిరిగొచ్చేటప్పుడు ఆయన్ని ఇంజనులోనే పట్టుకుందాం."

తమ్ముడి రిటైర్‌మెంటుకని కొవ్వూరు నుంచి వచ్చిన మా పెద్దాడపడుచు మంగతాయారు వదిన పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "నేనూ వస్తున్నా. వాడితో మాత్రం అనకండి. అంటే వద్దంటాడు," అంది. ముగ్గురం అలా బయల్దేరాం. ఆయన ముందురోజు సాయంత్రమే ఝాన్సీ వైపు వెళ్లారు.

ఫరీదాబాద్ మీదుగా

ఢిల్లీ పొలిమేరలు దాటుతుంటే రైల్లోంచి చూసేది ఏమీ లేదని అందరూ అంటారు. బదర్‌పూర్ కరెంటు ఫ్యాక్టరీ పొగ, ఫరీదాబాద్ పొగగొట్టాలు, బల్లభ్‌గఢ్ దగ్గర ట్రాక్టర్ల వరసలు. వదినకి మాత్రం అన్నీ వింతే. పల్వల్‌లో ఒకామె గంప దించి పేణీలు అమ్మింది. ఆకారం మన పేణీలదే గానీ నెయ్యి వాసన ఎక్కువ. కాగితంలో రెండు పెట్టి ఇచ్చింది. "మనవైపు పెళ్లిలో వియ్యపురాలికి పెట్టే వస్తువు, ఇక్కడ రైల్లో అమ్మేస్తున్నారు!" అని వదిన ఆశ్చర్యపోయింది.

మా ఎదుట గ్వాలియరు వెళ్లే ఒక పెద్దావిడ కూర్చుంది. ఎక్కడికని అడిగితే చంబల్ చూడ్డానికి అని చెప్పాం. ఆవిడ పమిట సర్దుకుని ముగ్గుర్నీ ఎగాదిగా చూసింది.

"ఆడవాళ్లే? మగదిక్కు లేకుండా బీహడ్‌లోకి? బహెన్‌జీ, అక్కడ చెట్టు వెనక చెట్టు ఉండదు, బందూకు ఉంటుంది."

బీహడ్ అంటే ఆ మట్టి లోయలే. నేను ఆ మాట తెలుగులో చెప్పాను. వదిన తొణకలేదు. మా గోదావరి బ్రిడ్జి మీదికి రైలు ఎక్కగానే రూపాయో అర్ధో నీళ్లలో వేసి, రెండు చేతులూ తలపైకెత్తి దండం పెడతామనీ, మీరు చంబల్‌కి ఎలా పెడతారనీ అడిగింది. నేను హిందీలో చెప్పాను.

ఆవిడ నాలిక కరుచుకుంది. "హే రామ్! చంబల్‌కి ఎవరూ చేతులు జోడించరు. శాపం ఉన్న నది. అందులో ఎవరూ పూలు వెయ్యరు, పైసా వెయ్యరు."

అది వదినకి తెలుగులో చెప్పాను. వదిన కిటికీలోంచి చూస్తూ, "పాపం కదే సత్యవతీ. ఒక్కరూ దండం పెట్టని నది కూడా ఉంటుందా!" అంది.

ధోల్‌పూర్ ఎర్ర ప్లాట్‌ఫారం

ధోల్‌పూర్‌లో ఏది చూసినా ఎర్రరాయే. గుమ్మాలూ, తొట్లూ, స్టేషను బయట పశువులు నీళ్లు తాగే గోళెం కూడా. మనవైపు బండరాయి నలుపు చూసిన కళ్లకి ఆ ఊరు మొత్తం కుంకం జల్లినట్టు కనిపించింది. టీ మట్టి పిడతలో, రెండు రూపాయలు. తాగాక పిడత పగలగొట్టాలట. వదిన తన పిడత పగలగొట్టనివ్వక సంచీలో దాచుకుంది.

ఆ రాత్రి ఆడవాళ్ల వెయిటింగు రూములో పడుకున్నాం. పొద్దున్నే స్టేషను మాస్టరు గదికి వెళ్లాను. ముసలాయన, మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. విషయం చెబితే కళ్లద్దాలు తీసి నావైపు చూశాడు.

"డ్రైవర్ సాబ్ ఘర్‌వాలీ?" అని నవ్వి, బండ్ల రాకపోకలు నడిపించే కంట్రోలుకి ఫోను చేశాడు. చాలాసేపు హలో హలో అన్నాక నాతో చెప్పాడు. "ఝాన్సీలో మీ ఆయన ఇంజనుకి బంతిపూల దండలు వేశారట. ఆఖరి ట్రిప్పుకి అది మా ఆనవాయితీ. బండి కదిలింది. ఇక దారిలో ఎక్కడెక్కడ నిలబెడతారో నన్నడక్కండి. గూడ్సు బండి అంటే ఇంట్లో చిన్నకోడలు. అందరూ వడ్డించుకున్నాకే దానికి దారి."

నాకు నవ్వు రాలేదు. చీకటి పడ్డాక వస్తే ఫోటో రాదని రత్నమేరీ ముందే చెప్పింది.

బీహడ్‌లో

టెంపో అతను వంతెనకి చాలా దూరంగానే దింపేశాడు. అక్కణ్ణించి కాలిబాట. ఎలా చెప్పను ఆ చోటు? పెద్ద వాన వెలిశాక పెరట్లో మట్టి కోసుకుపోయి చిన్న చిన్న గట్లు మిగులుతాయే, ఆ గట్టు ఒక్కొక్కటీ మేడంత ఎత్తు పెరిగిందనుకోండి. ఒక సందు ఇంకో సందులోకి, అది మరోదాంట్లోకి. తుమ్మముళ్లు తప్ప పచ్చదనం లేదు. నా చెప్పు తెగింది. ఒక మలుపులో ఎదురుగా సైకిలు మీద ఒకతను, భుజాన తుపాకి!

నేను వదిన చెయ్యి పట్టేసుకున్నాను. రత్నమేరీ కెమెరా పమిట కింద దాచింది. అతను సైకిలు దిగాడు. మమ్మల్ని చూసి అతనికీ భయం వేసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

"రామ్ రామ్, మాతాజీ. దారి తప్పారా?"

వంతెనకని చెబితే, ఎడమ సందులో వెళ్లమని చూపించి, సైకిలు హాండిలుకి తగిలించిన పాలక్యాను సరిచేసుకుని వెళ్లిపోయాడు. పాలుపోసే మనిషి! మనవైపు పాలవాడి చేతిలో గంట ఉన్నట్టు ఇక్కడ భుజాన తుపాకి.

సందు దాటి మట్టిదిబ్బ ఎక్కగానే వంతెన ఒక్కసారిగా ఎదురుగా నిలబడింది. లోయకి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి రాతి స్తంభాలు, వాటిమీద ఇనుప దూలాలు. అడుగున నీలంగా సన్నటి నది, ఒడ్డున ఇసుకలో ఎండకి పడుకున్న మొసళ్లు చెక్కముక్కల్లా ఉన్నాయి. కాసేపటికి ఒక బొగ్గుల గూడ్సు వచ్చింది. వంతెన ఎక్కగానే ఆ చప్పుడు లోయలన్నిట్లోకీ దూరి వెనక్కి వచ్చింది. రత్నమేరీ మోకాళ్ల మీద కూర్చుని క్లిక్కుమనిపించింది. తర్వాత ఒక సిమెంటు బండి. అదీ తీసింది.

"అక్కా, చెయ్యి కుదిరింది. ఇక అన్నయ్యగారు రావడమే ఆలస్యం."

వచ్చింది ఆయన కాదు. వెనకనుంచి, "ఏయ్! ఫోటో మనా హై!" అన్న కేక.

తోమర్ గుడిసె

వంతెనకి కాపలా ఉండే పోలీసు. పేరు తోమర్ అని చొక్కామీద ఉంది. రైలు వంతెనల ఫోటోలు తియ్యకూడదని మాకు తెలియక కాదు. దిబ్బ మీద దూరంగా ఉంటే ఎవరూ పట్టించుకోరనుకున్నాం. అతను రత్నమేరీ చేతిలోంచి కెమెరా లాక్కుని తన మెడలో వేసుకున్నాడు.

"నడవండి. హవల్దార్ సాబ్ సాయంత్రం వస్తాడు. ఆయనే తేలుస్తాడు. రీలు లాగెయ్యమంటే లాగేస్తా."

మమ్మల్ని దిబ్బ దింపి, వంతెన ఈ చివర పట్టాల పక్కనే ఉన్న తన గుడిసె దగ్గర కూర్చోబెట్టాడు. నేను హిందీలో అంతా చెప్పుకున్నాను. ఆయన ఆఖరి ట్రిప్పనీ, బంతిపూల ఇంజననీ, ఒక్క ఫోటో చాలనీ.

"ప్రతివాడూ ఏదో ఒకటి చెబుతాడు, అమ్మాజీ. గూఢచారులు నుదుటిమీద రాసుకుని రారు."

"నన్ను చూస్తే గూఢచారిలా ఉన్నానా?" అంది రత్నమేరీ.

"మీరు కాదు. ఆ ముసలావిడ," అన్నాడు వదినని చూపించి. "ఇందాకట్నుంచి ఆవిడొక్కతే ఏమీ మాట్లాడటంలేదు."

వదినకి హిందీ రాదు మరి. తననే అంటున్నాడని గ్రహించి, అతనికి ఆకలేసిందేమో అనుకుని, సంచీలోంచి పూతరేకు తీసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎండకేసి పట్టి చూశాడు.

"కాగితం తినిపిస్తున్నారా నాకు?"

"తిను నాయనా, తిను," అని వదిన తెలుగులోనే గదమాయించింది. ఒక కొస కొరికాడు. తర్వాత మిగతాది తిన్నాడు. కెమెరా మాత్రం ఇవ్వలేదు. రెండోది కూడా తిన్నాడు. అయినా ఇవ్వలేదు.

ఎండ వాలిపోతోంది. వంతెన దూలాల నీడలు లోయ గోడలమీదికి పాకుతున్నాయి. ఎక్స్‌ప్రెస్‌లు అటొకటి ఇటొకటి దూసుకుపోతున్నాయి. ఒక్కోటి వచ్చినప్పుడల్లా నేను లేచి నిలబడటం, కాదని కూర్చోవడం. ఇంకాస్త ఆలస్యమైతే చీకటి. ఇప్పుడే వస్తే కెమెరా పోలీసు మెడలో. ఏది కోరుకోవాలో తెలియలేదు.

అప్పుడు ఆవలి ఒడ్డున ఒక చుక్క కనిపించింది. పసుపుపచ్చగా.

"వదినా, పూలు! పూల ఇంజను!"

ముగ్గురం లేచాం. రత్నమేరీ తోమర్‌ని పట్టుకుంది. "భయ్యా, నీకు దండం పెడతా, ఒక్క నిమిషం!" అతను కెమెరా రెండు చేతులతో గుండెకి అదుముకుని, "డ్యూటీ హై, బహెన్‌జీ, డ్యూటీ," అంటున్నాడు. పాత వంతెన కదా, బండి నెమ్మదిగా ఎక్కింది. లోయ మోగడం మొదలైంది. నేను ఇంజనువైపే చూస్తున్నాను. కిటికీలోంచి ఒక మోచెయ్యి కనిపించింది. ఆ మోచెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

పక్కకి చూస్తే వదిన!

వంతెన మీద రైలు మోత వినపడితే చాలు, కొవ్వూరువాళ్ల చేతులు వాటంతటవే లేస్తాయి. ఇందాకటి బండ్లకి ఎలాగో ఆపుకుంది గానీ, తమ్ముడి బండి ఎక్కేసరికి ఇక ఆగలేదు. దానికితోడు ఎవరూ దండం పెట్టని నది అన్న జాలి. పట్టాల పక్కన నిలబడి, రెండు చేతులూ తలపైకి చాపి, కళ్లు మూసుకుని నదికి దండం పెడుతోంది.

నా ప్రాణం పోయింది. డ్రైవర్ల ఇళ్లలో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. చేతిలో ఎర్రజెండా లేకపోయినా, పట్టాల పక్కన మనిషి రెండు చేతులూ పైకెత్తితే ఆపమని అర్థం. ముందు పట్టా విరిగిందో, వంతెన కుంగిందో. ఎవరు ఎత్తారన్నది డ్రైవరు ఆలోచించకూడదు, ఆపి తీరాలి.

"వదినా, చేతులు దించు!" అని నేనూ, "హాథ్ నీచే!" అని తోమరూ ఒక్కసారే అరిచాం. బ్రేకుల కీచులో మా అరుపులు ఎవరికీ వినపడలేదు. ఒక వ్యాగను ఇంకోదాన్ని గుద్దుకుంటూ, ఆ దడదడ వెనక్కి వెనక్కి ఆవలి ఒడ్డుదాకా పోయింది. ఇంజను వంతెన దిగి, మా ముందునుంచి కాస్త అవతలికి వెళ్లి ఆగింది.

ఆగిన బండి

అసిస్టెంటుని ఇంజనులో ఉంచి ఆయన దిగి పరుగెత్తుకొచ్చారు. "పట్రీ కహాఁ టూటీ హై?" అని తోమర్‌ని అడిగారు. పట్టా ఎక్కడ విరిగింది అని. తోమర్ మావైపు చెయ్యి చూపించాడు. అప్పుడు నన్ను చూశారు. తర్వాత వాళ్లక్కని.

"నువ్విక్కడ... అక్కా?" ఇంకా గాలిలోనే ఉన్న ఆ చేతులవైపు చూసి, "ముందు అవి దించు అక్కా," అన్నారు.

"నదికి దండం పెట్టానురా. నువ్వెందుకు ఆపావు?"

ఆయన తిట్టడానికి నోరు తెరిచి, పెద్దక్క కదా, మూసేశారు. భుజాన ఉన్న వాకీటాకీలో వెనకనుంచి గార్డు కేకలు. "డ్రైవర్ సాబ్, క్యా హువా? పీఛే ఎక్స్‌ప్రెస్ ఖడీ హై!" వెనక ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. ఆఖరి ట్రిప్పులో, మచ్చలేని సర్వీసు చివర, వంతెన మీద బండి నిలబెట్టేశారు. పింఛను కాగితాలమీద ఇంకా సంతకాలు పడలేదు.

అలా అర్ధాంతరంగా ఆపినప్పుడు వ్యాగన్లు లంకె తెగకుండా ఉన్నాయో లేదో డ్రైవరు చూసుకోవాలట. దానికోసం ఆయన గుడిసె పక్కనున్న మట్టిదిబ్బ గబగబా ఎక్కారు. నేనూ వెనకే ఎక్కాను. పైకి వెళ్లి, చెయ్యి కళ్లకి అడ్డంపెట్టుకుని, మొదటి వ్యాగను నుంచి చూసుకుంటూ వెళ్లారు.

మధ్యలో ఆయన చెయ్యి దిగిపోయింది.

వంతెన ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఆయన బండే. వాలిన ఎండ వ్యాగన్ల పక్కల మీద పడి, తుప్పు రంగంతా రాగిరంగు అయిపోయింది. కింద లోయ గోడమీద బండి నీడ ఇంకో బండిలా ఆగి ఉంది. దూరాన, ఎక్కడో ఆకాశం అంచున, అగ్గిపెట్టెంత గార్డు డబ్బా. మొసళ్లు కూడా కదల్లేదు.

కిందనుంచి రత్నమేరీ ఏడుపు గొంతుతో బతిమాలుతోంది. "ఒక్కటి భయ్యా. ఒకే ఒక్కటి." తోమర్ తల అడ్డంగా ఊపుతున్నాడు. అతనూ ఆ బండివైపే చూస్తున్నాడు గానీ, కెమెరా మీద చెయ్యి తియ్యలేదు.

వాకీటాకీ మళ్లీ అరిచింది. ఆయన మొహం తుడుచుకుని, "సబ్ ఠీక్ హై. చల్ రహే హైఁ," అన్నారు. అంతా బాగానే ఉంది, బయల్దేరుతున్నాం అని. దిబ్బ దిగుతూ తోమర్‌తో, "వీళ్లు మావాళ్లు. చెడ్డవాళ్లు కాదు, తెలివితక్కువవాళ్లు," అన్నారు. గబగబా వెళ్లి ఇంజను ఎక్కారు. బండి కదిలిపోయింది.

హవల్దారు వచ్చి, గూఢచారుల్లో తెగిన చెప్పు చేత్తో పట్టుకున్న మనిషిని ఎప్పుడూ చూడలేదని నవ్వి, కెమెరా ఇప్పించి, టెంపో దాకా తోమర్‌ని తోడు పంపాడు.

ఇల్లు

మేము తుగ్లకాబాద్ చేరేసరికి ఆయనకి కాగితం వచ్చేసింది. బండి ఎందుకు ఆపావో వచ్చి చెప్పమని. వదిన రెండురోజులు సరిగ్గా తిండి తినలేదు. "గోదావరి అయినా కాదే, ఎవరిదో నది. దానికోసం నా తమ్ముడి నోట మట్టి కొట్టాను," అని ఒకటే ఏడుపు. ఏదన్నా అబద్ధం చెప్పమని నేను ఆయన్ని బతిమాలాను. మేకలు అడ్డొచ్చాయనో, పొగ కనిపించిందనో.

"చేతులెత్తారు, ఆపాను. అందులో అబద్ధం ఎందుకు?" అని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లారు.

మధ్యాహ్నం దాకా గుమ్మంలోనే కూర్చున్నాం. వచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగాక చెప్పారు. ఆపడం రూలు ప్రకారమే, కాబట్టి పింఛనుకి ఏమీ కాలేదు. ఇంటివాళ్లని లైను మీదికి రానిచ్చినందుకు మాత్రం హెచ్చరిక రాశారు. రానిచ్చింది ఆయన కాదని చెప్పుకోలేదు కాబోలు. అన్నేళ్ల సర్వీసులో అదొక్కటే మచ్చ.

వదిన మళ్లీ కళ్లు ఒత్తుకుంది. ఆయన వెళ్లి వాళ్లక్క పక్కన చాపమీద కూర్చున్నారు.

"ఊరుకో అక్కా. నువ్వు చేతులెత్తకపోతే దాటి వచ్చేసేవాణ్ణి."

ఇంకో వారానికి రత్నమేరీ ఫోటోలు కడిగించి తెచ్చింది. బొగ్గుల బండి ఒకటి, సిమెంటు బండి ఒకటి. చక్కగా వచ్చాయి. లోయా, స్తంభాలూ, నదీ అన్నీ ఉన్నాయి, ఆయన బండి తప్ప. రత్నమేరీ మొహం చిన్నబుచ్చుకుని అవి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి, ఒక్కోటీ చాలాసేపు చూశారు.

"బాగా తీశావమ్మా," అన్నారు. "నా బండి ఇంకా పొడుగు."